ముక్కు ఎంగిలి

మొన్న పూలబండి దగ్గర ఒకావిడ మరువం మూర అందుకుంది. కళ్ళు మూసుకుని గుండెల నిండా వాసన పీల్చి, "ఇది దేవుడికి, ఇంకో మూర జడలోకి ఇవ్వు" అంది. "అయ్యో, దేవుడిది నువ్వే ముందు తినేస్తివి గదమ్మా!" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఈ రోజుల్లో అలాంటి మాటంటే ఎవరు ఊరుకుంటారు? బండివాడే నవ్వుతాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నోట్లోనే తిరుగుతూ ఉంది. అది నా మాట కాదు, మా పెద్దమామ మాట.

ఆయన పేరు చెప్పను. మామ పేరు కోడలు పలకకూడదని మా అమ్మ చెప్పి పంపింది. ఏనాడూ పలకని పేరు ఈ వయసులో పలికితే నా చెవికే అది ఇంకెవరిదో అనిపిస్తుంది. ఆయన మా ఆయనకు పెదనాన్న. తల్లీదండ్రీ చిన్నప్పుడే పోతే మా ఆయన్ని పెంచింది పెద్దమామా, పెద్దత్తా. వాళ్ళకు పిల్లలు లేరు. నేను జనగామ దిక్కు నుంచి పట్నంలో షాలిబండలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా ఆయన దఫ్తర్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వస్తోంది. సాయంత్రమైతే ఆయన డిక్షనరీ ముందేసుకుని తల పట్టుకుని కూర్చునేవాడు. పెద్దమామకు మాత్రం ఏదీ మారలేదు. గల్లీ చివరి గుడిలో స్వామికి రోజూ తులసిదండ కట్టి ఇవ్వడం ఆయన సేవ. వాళ్ళ నాయన కట్టాడు, తాత కట్టాడు, ఈయన కడుతున్నాడు.

నేను వెళ్ళిన మర్నాడే ఆయన్ని చూసి జడుసుకున్నాను. పొద్దున్నే వెనక అరుగు మీద ఒక మనిషి ముక్కూ నోరూ కలిపి తెల్లబట్ట కట్టుకుని, తల వెనక ముడి వేసుకుని కూర్చున్నాడు. దొంగ అనుకున్నాను. దొంగైతే తులసిదండ ఎందుకు కడతాడన్న ఆలోచన రాలేదు. నా కేకకి పెద్దత్త వంటింట్లోంచి వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "దొంగేం గాదు, మీ మామనే. దండ కట్టేటప్పుడు గట్లనే కట్టుకుంటడు, ఊపిరి తగలకుండ, వాసన పోకుండ."

దేవుడికి పెట్టే పూలూ ఆకులూ మనం వాసన చూడకూడదని నాకూ తెలుసు. ఎవరికి తెలియదు! కానీ దాన్ని ఇంతగా పట్టుకున్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు. "నోటి ఎంగిలి నీళ్ళతో కడిగితే పోతది బిడ్డా. ముక్కు ఎంగిలి కడిగితే పోదు" అనేవాడు. ఆ బట్ట కట్టుకున్నంతసేపు మాట కూడా ఉండేది కాదు. అన్నీ సైగలే. ఒక వేలు ఎత్తితే అరటినార అందించాలి, అరచెయ్యి తిప్పితే నార మీద నీళ్ళు చిలకరించాలి, కనుబొమలు ఎగరేస్తే అడ్డం నిలబడ్డాం, వెలుతురు వదలాలి. ఆయన నోరు కట్టేసుకున్న ఆ గంటలోనే పెద్దత్త తన మనసులో ఉన్నవన్నీ చెప్పుకునేది. చింతపండు అయిపోయిన సంగతి, చూరు కారుతున్న సంగతి, వాళ్ళ ఆడబిడ్డ ఎప్పుడో ఏదో అన్న సంగతి. "ఇప్పుడైతేనే నా మాట ఖతం అయ్యేదాక వింటడు" అనేది నాతో. ఆయన కనుబొమలు కిందికీ పైకీ ఆడేవి, చేతులు మాత్రం ఆగేవి కావు.

ఇంటి వెనక పెరడు చిన్నది. బావికి అటు స్వామి పక్క, ఇటు ఇంటి పక్క అని ఆయనే గీత గీశాడు. స్వామి పక్క తులసి, మరువం. ఇంటి పక్క పుదీనా, జలుబుకు వామాకు, షర్బతు గింజలకు సబ్జా. గోడవార వానలకు తుమ్మి దానంతట అదే లేచేది. అన్నీ ఒక్క తల్లి పిల్లలే అనేవాడాయన, కాడ పట్టుకుని చూడు, అన్నిటికీ నాలుగు పలకలే అని చూపించేవాడు. తులసి దగ్గర వంగి, "జర వంగు తల్లీ, నడుము నొస్తున్నది" అని అడిగి మరీ కోసేవాడు. మొక్క వంగేది కాదు, ఆయనే వంగేవాడు. గోరు తగలనిచ్చేవాడు కాదు.

ఆ మొదటి వారంలోనే నేను చేయకూడని పని చేశాను. కోసిన మరువం గంపలో పెట్టి ఆయన స్నానానికి పోయాడు. మా ఊళ్ళో మరువం అంత దట్టంగా పెరగదు. ఆగలేక ఒక రెమ్మ తీసి ముక్కుకు ఆనించుకున్నాను. వెనకనే చెంబు చప్పుడు. చూస్తే తడిబట్టలతో ఆయన. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన గంప మొత్తం తీసి నా ఒళ్ళో పెట్టి, "ఇగ ఇవి నీవే బిడ్డా. తలల పెట్టుకో, మస్తుగుంటది" అని, ఇంకో గంప తీసుకుని మళ్ళీ మడి వైపు పోయాడు. నేను ఏడుపుమొహంతో పెద్దత్త దగ్గరకి పోతే ఆమె, "ఏడుస్తవెందుకే, నాక్కూడ పెండ్లయిన కొత్తల గట్లనే గంపెడిచ్చిండు. ఆయన నాకు పెట్టిన పూలంటే గవే" అంది.

భయం పోయాక నా నోరు ఊరుకోదు కదా. మరో రోజు ఆయన ముక్కుబట్ట విప్పగానే పట్టుకున్నాను. "మామా, తేనెటీగలు పొద్దుందాక ఆ పూల మీదనే వాలుతయి. వాటి ఎంగిలి స్వామికి పనికొస్తదా?"

ఆయన కోప్పడలేదు. బావి గట్టు మీద కూర్చుని నిజంగానే ఆలోచించాడు. "చెట్టు మీద ఉన్నంతసేపు అందరిది బిడ్డా. ఈగది, గాలిది, నీది, నాది. కోస్తిమంటే ఆయనది. ఆయనకు పెట్టక ముందుగాల మనం ముట్టొద్దు, గంతే" అన్నాడు.

"అయితే చెట్టు మీద ఉన్నప్పుడు మీరెందుకు వాసన చూడరు?"

"అలవాటైతే చెయ్యి ఊకోదు, ముక్కు ఊకోదు" అన్నాడు నవ్వుతూ.

నిజం చెప్పాలంటే ఆయనకు ముక్కే పని చేయదని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. ఆయన ఏ వాసన గురించీ ఒక్క మాట అనగా ఎవరం వినలేదు. పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా, గల్లీలో మురికి నాలా పొంగినా, పక్కింట్లో పెళ్ళికి బిర్యానీ దేగ్ దించినా ఆయన మొహంలో ఏమీ కదిలేది కాదు. "ఆ ముక్కు ఊపిరికే, ఇంక దేనికీ గాదు" అని పెద్దత్త తేల్చేసింది. మాడిన పప్పు మారుమాట లేకుండా తినే మొగుడు దొరికాడని ఆమెకు లోపల సంతోషమే.

ఇంటి పక్కనున్న సబ్జాకి ఇంకో గిరాకీ కూడా ఉండేది. గోడకు అవతల సాయిబుల ఇంట్లో ఒక ముసలి బీ ఉండేది. ప్రతి గురువారం సాయంత్రం ఆమె మెల్లగా దిడ్డి తలుపు తోసుకుని వచ్చి, "భాయ్‌సాబ్, థోడా సబ్జా లేలూఁ?" అని అడిగేది, భర్త గోరీ మీద పెట్టడానికి. "లేలో అమ్మా, లేలో" అని ఈయనే విరిచి ఇచ్చేవాడు. సబ్జా వాళ్ళకు గోరీ మీదికి, మాకు షర్బతులోకి. అందుకే దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు. కానీ సబ్జా గింజకు గీతలు తెలియవు. బావికి అటు తులసి మడిలో కూడా మొలిచేది. పసిమొక్కప్పుడు తులసికీ సబ్జాకీ తేడా నా కంటికే తొందరగా తెలియదు. సబ్జా ఆకు కాస్త నున్నగా మెరుస్తుంది, పూత తెల్లగా ఉంటుంది. తులసికి నూగు, ఊదారంగు పూత. వాసన చూస్తే మాత్రం చంటిపిల్ల కూడా చెప్పేస్తుంది.

నేను వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో ఆయన కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. ఆయన ఒప్పుకునేవాడు కాదు. దండెం మీద ఆరేసిన ధోవతిని పట్టుకుని, "ఏంరా, దఫ్తర్ ఇయ్యాల జల్ది అయిపోయిందా?" అని మా ఆయన అనుకుని పలకరించాడు. నేను వంటింట్లో నవ్వలేక చచ్చాను. మా ఆయనకు నవ్వు రాలేదు. ఆస్పత్రికి పోదాం పదండని వెంటపడ్డాడు. "ఆపరేషన్ చేస్తే రోజుల తరబడి కదలకుండ పండవెడ్తరట. మరి దండో?" అన్నాడు పెద్దమామ. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

వేళ్ళతో తడిమి తెలుసుకుందామా అంటే, ఏళ్ళ తరబడి తడినార లాగి లాగి వేళ్ళ కొసలు కాయలు కాసి మొద్దుబారి ఉన్నాయి. ఒకరోజు గుళ్ళో పూజారి స్వామి మెడలోని దండలో రెండు సబ్జా రెమ్మలు చూశాడు. మంచి మనిషి, నలుగురి ముందూ అనలేదు. సాయంత్రం ఇంటికే వచ్చాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"పెద్దాయనా, నేను చూసిన గనుక సరిపాయె. గుడి పెద్దలు చూస్తే ఊకోరు. మూసీ అవతలి పూలబజార్ల నుంచి దండలు తెప్పిద్దామని ఎప్పటి సందో అంటున్నరు, వాళ్ళకు ఒక సాకు గావాలె."

"తప్పయింది అయ్యగారూ."

"కండ్లు ఆనకపోతే ముక్కుతోని చూసుకోరాదా? బట్ట జర కిందికి గుంజుకుంటే అయిపాయె. ఎవరు చూస్తరు?"

పెద్దమామ తల అడ్డంగా ఊపాడు. "స్వామి కంటె ముందుగాల నేను తిన్నట్టయితది అయ్యగారూ. గా పని నాతోని గాదు" అన్నాడు.

పూజారి పోయాక ఆయన అరుగు మీదనే కూర్చుండిపోయాడు. అన్నం తినలేదు. సేవ పోతే తనకేం మిగులుతుందో ఆయన లెక్క వేసుకుంటున్నట్టు అనిపించింది. చదువుకోలేదు, ఇంకో పని నేర్చుకోలేదు, పిల్లలు లేరు. పొద్దున లేచాక చేతులకు ఒక పని ఉండటమే ఆ మనిషికి ఆస్తి. నాకు ఉండబట్టలేదు. "మామా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. చెట్టు మీద ఉన్నంతసేపు అందరిది అన్నరు గద. రోజూ నేనే మడిల చూసి సబ్జా పీకేస్త. అప్పుడు మీరు కోసేదంతా తులసే" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "గట్ల చెయ్యి బిడ్డా, గట్ల చేస్తే ఎవరి మాటా పోదు" అన్నాడు.

ఏడాది పైగా అలాగే నడిచింది. ప్రతి సాయంత్రం నేను మడిలో దూరి, ఒక్కో మొక్కనూ ముట్టి, వాసన చూసి, సబ్జా కనిపిస్తే పీకి ఇంటి పక్క నాటేదాన్ని. నా వేళ్ళు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా తులసి వాసనే. కానీ ఆడదాన్ని కదా. నెలకు మూడు రోజులు బయట ఉండాలి. ఆ మూడు రోజులూ పెరటి మూల గదిలో కూర్చోవాలి, తులసి నీడ కూడా తొక్కకూడదు. పెద్దత్తకు మోకాళ్ళ నొప్పులు, మడిలో వంగలేదు. నేను బయట కూర్చునే ముందే ఒకటికి రెండుసార్లు చూసి పెట్టుకునేదాన్ని.

ఆ సంవత్సరం ముక్కోటి ఏకాదశికి నా రోజులు ముందే వచ్చిపడ్డాయి. ద్వాదశినాడు తులసి కోయకూడదు గనుక రెండు రోజులకు సరిపడా ఏకాదశినాడే కోస్తారు. మడి అంతా కోయాలి, గోడ మూలల్లోవి కూడా. నేను మూల గది గడపలో కూర్చుని, "మామా, గోడ దిక్కు చూడలే నేను, గటు పోకుండ్రి" అని అరిచాను. ఆయన చెయ్యి ఊపాడు. కానీ కోసింది దండకు చాలక గోడ దిక్కుకే పోయాడు.

బట్ట కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతోంది. నేను అటే చూస్తున్నాను. దండ మూడొంతులు అయింది. ఒక రెమ్మ అందుకుని ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ చేతులు ఆగడం నేను అంతకుముందు చూడలేదు. రెమ్మను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. తల పైకెత్తి గోడ వైపు చూశాడు, అక్కడ ఏమీ లేదు. బట్ట ఊపిరికి లోపలికీ బయటికీ కదులుతోంది. "ఏమైంది మామా?" అన్నాను. దగ్గరికి పోలేను, ఎండ కంట్లో పడి పూత తెలుపో ఊదానో నాకు కనిపించడం లేదు. ఆయన అరచెయ్యి ఎత్తి, ఏం లేదన్నట్టు ఊపాడు. ఆ రెమ్మను దండలో పెట్టి నార బిగించాడు.

గుళ్ళో ఏం జరిగిందో మా ఆయన వచ్చి చెప్పాడు. హారతి వెలుగులో స్వామి గుండెల మీద తెల్ల పూతతో సబ్జా రెమ్మ. చూసింది గుడి పెద్దే, అది కూడా ఊరంతా చూస్తుండగా. "గోరీల మీద పెట్టేది తెచ్చి స్వామి మెడల వేస్తరా?" అన్నాడట. పెద్దమామ చేతులు జోడించి నిలబడ్డాడట. "పెద్దాయనా, ఇగ కూర్చోండ్రి. రేపటి సంది దండ బజార్ల నుంచి వస్తది" అన్నారట. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదేమో, తిరిగి ఒక మాట అనడానికి ఉండేది. నేను మూల గదిలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

సేవ పోయాక ఇంక సాకు లేదు గనుక మా ఆయన ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. కంటికి ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చి వెనక అరుగు మీదనే మంచం వేశాం, కళ్ళకు కట్టుతో. తల కదపకూడదు. ఒక మధ్యాహ్నం పచ్చడికని నేను ఆయన పక్కన కూర్చుని పుదీనా ఒలుస్తున్నాను. ఏదో ఆలోచనలో ఉన్నాను.

"పుదీన ముదిరింది బిడ్డా. పచ్చడి చేదొస్తది" అన్నాడు.

"అవును మామా, పూతకొచ్చింది" అన్నాను. తరవాత నా చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. కళ్ళకు కట్టు ఉంది. చేతితో ముట్టలేదు. "మామా, మీకెట్ల తెలిసింది?"

"వాసన వస్తున్నది గద."

"మీకు వాసన తెలుస్తదా?"

"ఎందుకు తెల్వదు? పప్పు మాడితే మీ పెద్దత్త కంటె ముందుగాల నాకే తెలుస్తది. చెప్తే చిన్నబోతదని ఊకున్న."

"మరి ఆ బట్ట..."

"బట్ట ఆపుతదా పిచ్చిదానా! వాసన వస్తనే ఉంటది. చిన్నప్పటి సంది వస్తనే ఉన్నది. నేను తీసుకోలే, గంతే. వచ్చింది వేరే, తీసుకున్నది వేరే."

నాకు ఏకాదశినాటి చెయ్యి గుర్తొచ్చింది, ఆగిపోయిన ఆ చెయ్యి.  "అయితే ఆనాడు మీకు తెలుసు. అది సబ్జా అని తెలుసు."

"తెలిసింది బిడ్డా. చేతికి రాంగనే తెలిసింది."

"తెలిసి ఎట్ల కట్టిండ్రు? తీసి పారేస్తే అయిపోతుండె గద! సేవ మిగులుతుండె గద!" నా గొంతు ఎంత లేచిందో లోపల ఉన్న పెద్దత్త 'ఏందే లొల్లి?' అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంచం మీద పడుకున్న మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

ఆయన మాత్రం తల కదపకుండా, ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. "తీసేద్దామనే చెయ్యి ఆపిన. దేంతోని తెలిసింది అని నన్ను నేనే అడుగుకున్న. కంటితోని గాదు, వేలితోని గాదు. ముక్కుతోని. ముక్కు చెప్పింది విని చెయ్యి ఆ రెమ్మను తీసేస్తే, అది వాసన చూసినట్టే గద. ఇన్నేండ్లు వాసన చూడనని కట్టుకున్న బట్ట, ఆ ఒక్క రెమ్మ కోసం అబద్ధం అయితది."

"సబ్జా వేసుకుంటే స్వామికి తప్పు కాదా మరి?"

"స్వామికి సబ్జా మీద కోపమెందుకుంటది? అదీ ఆయన మొలిపించిందే. కోపం మనుషులకు." మళ్ళీ తనే, "స్వామికి తప్పు దండ పోయింది బిడ్డా. దొంగ దండ పోలే" అన్నాడు.

నేను ఆ క్షణమే పూజారి దగ్గరికి పోయి చెప్తానన్నాను. ఆయన గాలిలో వెతుక్కుని నా మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు. చెప్తే, చూసిండ్రా గొప్పోడు అంటరు, లేకుంటే పిచ్చోడు అంటరు. రెండూ నాకు వద్దు. చూపు పోయింది, తప్పు జరిగింది అనుకుంటున్నరు. గట్లనే అనుకోని." ఒట్టు వేయించుకున్నాడు.

ఆయన చూపు వచ్చింది. సేవ తిరిగి రాలేదు, ఆయన అడగనూ లేదు. ఆ తరవాత మూడు నాలుగేళ్ళు బతికాడు. పొద్దున్నే మరువం మడి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఈసారి అడ్డూ ఆపూ లేకుండా ముక్కు నిండా పీల్చుకునేవాడు. ఎలా ఉంది మామా అంటే, "మస్తుగున్నది" అనేవాడు.

ఆయన పోయాక కూడా నేను ఆ గుడికి చాలా ఏళ్ళు పోయాను. వెళ్ళినప్పుడల్లా ఆ పూజారి తీర్థం ఇస్తూ, "పాపం, పెద్దాయనది ఎంత నిష్ఠ! ఆ ఒక్కనాడు కండ్లు మోసం చేసినయి" అనేవాడు. నా నోరు ఎలాంటిదో ఆ గల్లీలో అందరికీ తెలుసు, గుట్టు నిలిచే నోరు కాదు. అయినా ప్రతిసారీ చెయ్యి చాచి, తీర్థం పుచ్చుకుని, "అవును అయ్యగారూ, కండ్లే" అని వచ్చేసేదాన్ని.